ఓడిపోతే గేమ్ ఏం తీసుకుంటుంది? ఇండీ గేమ్‌ల పోలిక, ఎంపిక

అందరూ మెచ్చుకున్నారని గేమ్ కొని, గంట ఆడి, మళ్లీ తెరవకుండా వదిలేసినవాళ్లు చాలామందే ఉంటారు. గేమ్ బాగాలేక కాదు, అది ఓటమిని చూసే తీరు వాళ్లకు పడక. ఇండీ గేమ్‌ల మధ్య, అంటే పెద్ద కంపెనీలు కాకుండా ఒక్కరో చిన్న జట్టో సొంతంగా చేసినవాటి మధ్య, అసలు తేడా బొమ్మల్లో, సంగీతంలో కన్నా ఇక్కడే ఎక్కువ. మీరు చచ్చినప్పుడు గేమ్ మీ దగ్గర ఏం తీసుకుంటుంది? ఒక్క సెకనా, పావుగంటా, అప్పటిదాకా సంపాదించిందంతానా, అసలు ఏమీ తీసుకోదా? వందలమంది పనిచేసే పెద్ద గేమ్‌లో ఈ నిర్ణయం ఎవరిదో చెప్పడం కష్టం. ఒక్కరో ఇద్దరో కూర్చుని చేసిన గేమ్‌లో మాత్రం అది నేరుగా వాళ్ల బుద్ధిలోంచే వస్తుంది. గేమ్‌ని ఎంచుకుంటున్నామంటే దాన్ని చేసినవాళ్లను కూడా ఎంచుకుంటున్నట్టే అని నేను గట్టిగా నమ్ముతాను.

దీని తర్వాత చూసుకోవాల్సినవి ఇంకో రెండు. ఒకసారి కూర్చుంటే ఎంతసేపు కావాలి? ఎంత చదవాలి? కింద చెప్పేవన్నీ ఇంగ్లీషులో ఆడాల్సినవే. సెలెస్ట్‌లో మాటలు తక్కువ. హేడీస్‌లో ప్రతి రెండు నిమిషాలకూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు. పేపర్స్, ప్లీజ్‌లో చదవడమే ఆట. పదేళ్ల పిల్లలకు కొనేవాళ్లు ముందు ఈ సంగతే చూసుకోవాలి.

సెలెస్ట్, హాలో నైట్: కష్టం రెండింటిలోనూ ఉంది, రకం వేరు

ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు. రెండూ పక్కనుంచి చూస్తూ దూకే గేమ్‌లే, రెండూ చిన్న జట్లు చేసినవే, రెండూ కష్టమైనవే. కానీ ఒకటి నచ్చినవాళ్లకు రెండోది నచ్చుతుందన్న హామీ ఏమీ లేదు.

సెలెస్ట్ 2018 జనవరిలో వచ్చింది. మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ కలిసి 2015లో పీకో-8 అనే బుల్లి గేమ్‌లు చేసే సాఫ్ట్‌వేర్ మీద కొద్ది రోజుల్లో చేసిన బుల్లి గేమ్ దీనికి మూలం. మ్యాడెలిన్ అనే అమ్మాయి కొండ ఎక్కుతుంది, అంతే కథ. దారి చిన్న చిన్న గదులుగా ఉంటుంది. చస్తే సెకను తిరిగేలోపు అదే గది మొదట్లో నిలబడతారు. డబ్బు పోదు, ఆయుధం పోదు, వెనక్కి నడిచే పని లేదు. ఒకే గదిలో యాభైసార్లు చచ్చినా పోయేది ఆ గదిలో గడిపిన నిమిషాలే. చేతిలో ఉన్నవి మూడు పనులు: దూకడం, గోడ పట్టుకోవడం, గాలిలో ఒక్కసారి దూసుకెళ్లడం. దూసుకెళ్లే అవకాశం ఉన్నంతసేపూ ఆమె జుట్టు ఎర్రగా ఉంటుంది, వాడేస్తే నీలమవుతుంది. కొత్తవాళ్లు తెర మూలల్లో గుర్తుల కోసం వెతుకుతారు. ఆ అవసరం లేదు, జుట్టు చూస్తే చాలు.

ఈ గేమ్ ఆడేవాడి పక్షాన ఎంతగా నిలబడుతుందో పైకి కనిపించదు. అంచు దాటి గాలిలోకి వెళ్లిపోయాక కూడా కొన్ని ఫ్రేమ్‌లపాటు, అంటే రెప్పపాటు, జంప్ నొక్కితే ఒప్పుకుంటుంది. నేలను తాకడానికి ఒక్క క్షణం ముందు నొక్కినా, ఆ నొక్కుడును గుర్తుపెట్టుకుని తాకగానే దూకిస్తుంది. పైకప్పు మూలకు తల కొద్దిగా తగిలితే ఆపేయకుండా పక్కకు జరిపి పైకి పంపిస్తుంది. థోర్సన్ ఈ మెళకువలన్నింటినీ బయటికి చెప్పేశారు. వాటిని చదివి తమ గేమ్‌లు సరిచేసుకునే వీలు కొత్త డెవలపర్లకు దక్కింది. విద్య దాచుకోని ఈ గుణం నాకు గేమ్ అంత గొప్పగానూ అనిపిస్తుంది.

అసిస్ట్ మోడ్ గురించి ఒక మాట. అందులో గేమ్ వేగాన్ని పదేసి శాతం చొప్పున సగం దాకా తగ్గించుకోవచ్చు, అలసట లేకుండా చేసుకోవచ్చు, చావే లేకుండా కూడా చేసుకోవచ్చు. చిక్కుకుపోయినవాళ్లు నేరుగా చావు లేని సెట్టింగ్‌కి వెళ్లిపోతారు, పది నిమిషాల్లో విసుగొచ్చి మానేస్తారు. ముందు వేగాన్ని 80 శాతానికి తగ్గించి ఆ ఒక్క గది దాటండి, తర్వాత మళ్లీ 100కి పెంచండి. వేళ్లకు పని తెలిసేది అలాగే. ఇంకో చిక్కు కీబోర్డుతో వస్తుంది. మామూలుగా సీ నొక్కితే దూకుడు, ఎక్స్ నొక్కితే దూసుకెళ్లడం, జెడ్ నొక్కితే పట్టు. చవక కీబోర్డుల్లో కొన్ని మూడు మీటలు కలిపి నొక్కితే మూడోది అందదు. పైకి-కుడికి ఏటవాలుగా దూసుకెళ్లాల్సిన చోట మీ పాత్ర నిటారుగా పోతుంటే తప్పు మీ వేళ్లది కాకపోవచ్చు. సెట్టింగ్స్‌లో దూసుకెళ్లే మీటను వేరే అక్షరానికి మార్చి చూడండి. కంట్రోలర్ ఉంటే స్టిక్ కన్నా డీ-ప్యాడ్, అంటే నాలుగు దిక్కుల మీట, మేలు. స్టిక్‌తో ఏటవాలు దిశలు తరచూ తప్పుతాయి.

హాలో నైట్ ధోరణి పూర్తిగా వేరు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఆరి గిబ్సన్, విలియం పెలెన్ నడిపే టీమ్ చెర్రీ 2014లో కిక్‌స్టార్టర్ అనే చందాల సైట్ ద్వారా 57 వేల ఆస్ట్రేలియా డాలర్ల పైచిలుకు పోగుచేసింది. గేమ్ 2017 ఫిబ్రవరిలో వచ్చింది. ఇక్కడ చస్తే మీ దగ్గరున్న జియో, అంటే డబ్బు, మొత్తం చచ్చిన చోటే మీ నీడ దగ్గర ఉండిపోతుంది. మీరు చివరిసారి కూర్చున్న బెంచీ దగ్గర లేస్తారు. అక్కడికి మళ్లీ వెళ్లి నీడను కొడితే డబ్బు తిరిగొస్తుంది. దారిలో ఇంకోసారి చచ్చారా, పాత డబ్బు పోయినట్టే. నీడ బయట ఉన్నంతకాలం సోల్ అనే శక్తిని పట్టే మీ గిన్నె కూడా చిట్లి ఉంటుంది, 99కి బదులు 66 మాత్రమే పడుతుంది. ఒక దెబ్బ కొడితే 11 సోల్ వస్తుంది, ఒక ప్రాణం నింపుకోవడానికి 33 కావాలి. మూడు దెబ్బలకు ఒక ప్రాణం అన్నమాట. ఈ లెక్క ఒంటబట్టాక బాస్‌లతో, అంటే పెద్ద శత్రువులతో, పోరాటం తీరే మారిపోతుంది. పారిపోతూ బతకడం కన్నా దగ్గరికెళ్లి కొట్టి ప్రాణం సంపాదించడమే సురక్షితమని తెలుస్తుంది.

మొదటి కొన్ని గంటల్లోనే చాలామంది ఈ గేమ్‌ని వదిలేస్తారు. కారణం బాస్‌లు కాదు, మ్యాప్. కొత్త ప్రాంతంలో అడుగుపెడితే మ్యాప్ ఉండదు. నేల మీద చెల్లాచెదురుగా పడ్డ కాగితాలు చూసి, కూనిరాగం వినబడిన వైపు వెళ్లి, కార్నిఫర్ అనే అతని దగ్గర కొనుక్కోవాలి. కొన్నాక కూడా మీరు తిరిగిన గదులు దానంతటదే ఎక్కవు. డర్ట్‌మౌత్ ఊళ్లో అతని భార్య ఇసెల్డా కొట్లో 120 జియో పెట్టి కలం కొనాలి, ఆ పైన బెంచీ మీద కూర్చోవాలి. మీరెక్కడున్నారో మ్యాప్‌లో కనిపించాలంటే అదే కొట్లో 220 పెట్టి దిక్సూచి కొని తగిలించుకోవాలి. నా సలహా: చేతికొచ్చిన మొదటి 340 జియో ఈ రెండింటికే ఖర్చు పెట్టండి, ఇంకేదీ కొనకండి. ఆ పైన కూడా డబ్బు మూటగట్టుకుని తెలియని చోట్ల తిరగొద్దు, బాస్ గది కనిపిస్తే ముందు వెళ్లి ఖర్చు పెట్టేయండి. గోడలెక్కే శక్తి ఇచ్చే మాంటిస్ క్లా దొరికేదాకా గేమ్ ఇరుకుగా, మొండిగా ఉంటుంది. అది దొరికాక లోకం ఒక్కసారిగా తెరుచుకుంటుంది. అక్కడిదాకా వెళ్లకుండా హాలో నైట్ మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు.

ఎవరికి ఏది? రోజుకు అరగంట దొరికేవాళ్లకు, ఒకే కష్టాన్ని పదేపదే నలిపి సాధించడం ఇష్టమైనవాళ్లకు సెలెస్ట్. ఆదివారం మధ్యాహ్నం ఖాళీ చేసుకుని, దారి తప్పడాన్ని కూడా ఆనందించగలిగేవాళ్లకు హాలో నైట్. దారి తప్పితే చిరాకు పడేవాళ్లు ఎంత మంచి పేరు విన్నా దీని జోలికి పోవద్దు. దీని తర్వాతి గేమ్ సిల్క్‌సాంగ్ 2019లో ప్రకటించాక, 2025 సెప్టెంబర్ 4న వచ్చింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాన్ని ముందు తీసుకోవద్దు. అక్కడ తొలి అంచెల నుంచే చాలా దెబ్బలు ఒకేసారి రెండేసి ప్రాణాలు తీస్తాయి. మొదట్లో ఉండేవి ఐదే, మూడు దెబ్బలకు అయిపోతారు. అంత కఠినంగా చేసినా, విడుదలైన కొద్ది రోజుల్లోనే తొలి బాస్‌లను కొద్దిగా మెత్తబరిచారు. అన్నేళ్లు అభిమానులకు దాదాపు ఏమీ చెప్పకుండా ఉండిపోవడం నాకు నచ్చలేదు. చేసిన పనికి 20 డాలర్లే అడగడం మాత్రం నచ్చింది.

బలాట్రో, స్లే ద స్పైర్: పేక రెండింటిదీ, అదృష్టం వాటా వేరు

మన ఇళ్లల్లో పేక అంటే రమ్మీ, రమ్మీ అంటే డబ్బు అనుకునే రోజులివి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ అలాంటి చట్టం తెచ్చింది. అందుకే బలాట్రో పేరు చెప్పగానే పెద్దవాళ్లు భయపడటం సహజం. సంగతి ఏమిటంటే ఇందులో నిజం డబ్బు ఒక్క పైసా తిరగదు. ఒకసారి కొంటే అయిపోయింది, మధ్యలో అడిగేదేమీ లేదు. లోకల్‌థంక్ అనే మారుపేరు వెనకే ఉండిపోయిన కెనడా డెవలపర్ దీన్ని దాదాపు ఒంటరిగా చేశారు. 2024 ఫిబ్రవరిలో వచ్చింది. ఈ గేమ్ హక్కులను ఎప్పటికీ జూదం కంపెనీలకు అమ్మకూడదని వీలునామాలో రాయించానని కూడా ఆయన చెప్పారు. ఒక డెవలపర్ మనసు తెలుసుకోవడానికి ఇంతకన్నా స్పష్టమైన మాట అక్కర్లేదు.

ఆట లెక్క ఇలా ఉంటుంది. చేతిలో ఎనిమిది ముక్కలు, అందులోంచి ఐదు దాకా వేయొచ్చు. వేసిన కలయికకు కొన్ని చిప్స్, ఒక గుణకం ఉంటాయి. మొదటి అంచె దాటాలంటే 300 కావాలి, అందుకు నాలుగు అవకాశాలు. రెండు రాజులు జంటగా వేశారనుకోండి. జంటకు 10, రాజుకు పదేసి చొప్పున 20, కలిపి 30. జంట గుణకం 2, అంటే 60. నాలుగుసార్లూ రాజుల జంటే పడినా 240 దగ్గర ఆగిపోతారు. అదే ఆఠీను ఆసు, రాజు, తొమ్మిది, ఆరు, నాలుగు వేస్తే, ఐదూ ఒకే గుర్తు కాబట్టి ఫ్లష్. దానికి 35, ముక్కలకు 11, 10, 9, 6, 4 కలిపి 40, మొత్తం 75. గుణకం 4. సరిగ్గా 300, ఒక్క దెబ్బతో అంచె దాటారు. రమ్మీ అలవాటున్నవాళ్లు వరస ముక్కల కోసం వెంపర్లాడతారు. ఇక్కడ వరస విలువ 30 చిప్సే, కుదరడం కూడా కష్టం. మొదట్లో ఫ్లష్ మీదే నడవండి.

కొత్తవాళ్లు నష్టపోయే చోట్లు రెండు. ఒకటి జోకర్ల వరస. జోకర్లంటే అంగడిలో కొనుక్కునే, స్కోరు పెంచే కార్డులు. అవి ఎడమ నుంచి కుడికి పనిచేస్తాయి. గుణకానికి 4 కలిపే జోకర్, ఫ్లష్ పడితే గుణకాన్ని రెట్టింపు చేసే జోకర్ మీ దగ్గరున్నాయనుకోండి. కలిపేది ఎడమన ఉంటే 4కి 4 కలిసి 8, రెట్టింపై 16. పై ఫ్లష్‌కి 1200 వస్తుంది. తిరగేసి పెడితే 4 రెట్టింపై 8, దానికి 4 కలిసి 12. వచ్చేది 900. ముక్కలు అవే, జోకర్లు అవే, పోయింది 300. రెండోది గేమ్‌లోనే తిరిగే ఉత్తుత్తి డబ్బు. రౌండ్ చివర మీ దగ్గరున్న ప్రతి 5 డాలర్లకు ఒక డాలరు వడ్డీ వస్తుంది, 25 దగ్గర ఉన్నా ఆపైన ఉన్నా 5 డాలర్లే. మూడో అంచెలోపు 25 కూడబెట్టి, దాని పైన ఉన్నదే ఖర్చు పెట్టేవాళ్లు చివరిదాకా వెళ్తారు. దొరికిన ప్రతి జోకర్‌నీ కొనేవాళ్లు సగంలో ఆగిపోతారు. ఆఠీన్ల మీదే అంతా కట్టుకుంటే ఆఠీన్లను పనికిరాకుండా చేసే బాస్ ఎదురైనప్పుడు చేతులెత్తేయాల్సి వస్తుంది. కాబట్టి ఇంకో దారి ఒకటి అట్టిపెట్టుకోండి.

స్లే ద స్పైర్ వయసులో పెద్దది. సియాటిల్‌లోని మెగా క్రిట్ జట్టు, అంటే ఆంథొనీ జొవనెటీ, కేసీ యానో, 2017లో ఎర్లీ యాక్సెస్‌లో, అంటే పూర్తికాకముందే అమ్మకానికి, పెట్టి 2019 జనవరిలో పూర్తి చేశారు. ఇందులో పేకాట ముక్కలుండవు, కొట్టే కార్డులు, కాచుకునే కార్డులు ఉంటాయి. ప్రతి వంతుకూ ఐదు కార్డులు, మూడు శక్తి. శత్రువు తర్వాత ఏం చేయబోతున్నాడో వాడి తల మీదే కనిపిస్తుంది. అందువల్ల ఓడిపోతే ఎక్కడ తప్పు చేశారో వెనక్కి వెళ్లి వేలు పెట్టి చూపించవచ్చు. బలాట్రోలో అంగడిలో ఏం వచ్చిందన్న అదృష్టం వాటా దీనికన్నా ఎక్కువ. స్పైర్‌లో అందరూ చేసే తప్పు, ఇచ్చిన ప్రతి కార్డూ తీసుకోవడం. మంచి కార్డు చేతికి రావాలంటే కట్ట పలచగా ఉండాలి. అంగడిలో 75 బంగారం ఇచ్చి మొదట్లో ఉండే స్ట్రైక్ అనే మామూలు దెబ్బ కార్డును తీసేయించుకోవడం కొత్త కార్డు కొనడం కన్నా చాలాసార్లు లాభం. ఇంకో తప్పు, కాచుకునే కార్డులతోనే నెట్టుకురావడం. మొదటి అంకంలో గ్రెమ్లిన్ నాబ్ అనేవాడు మీరు స్కిల్ కార్డు (కాచుకునేవి ఈ రకమే) వేసిన ప్రతిసారీ బలం పెంచుకుంటాడు. వాడి దగ్గరికి వెళ్లేలోపు గట్టిగా కొట్టే కార్డులు రెండైనా ఉండాలి.

బస్సులో, భోజనానికి ముందు పదిహేను నిమిషాలకు బలాట్రో. గంటసేపు ఆలోచించి ఆడాలంటే స్పైర్. చదరంగం ఇష్టపడేవాళ్లకు రెండోది, సందేహం లేదు. రెండూ ఫోన్‌లో బాగా నడుస్తాయి.

హేడీస్, వాంపైర్ సర్వైవర్స్, డెడ్ సెల్స్

ఈ మూడింటిలో చస్తే మళ్లీ మొదటికి రావాల్సిందే. తేడా చేతిలో ఏం మిగులుతుందన్న దగ్గర.

సూపర్‌జైంట్ స్టూడియో చేసిన హేడీస్‌లో చావు కథను ముందుకు నడుపుతుంది. గ్రీకు పాతాళం నుంచి పారిపోవాలనుకునే జాగ్రియస్ చచ్చిన ప్రతిసారీ ఇంటికే తిరిగొస్తాడు, అక్కడ వాళ్లు కొత్త మాటలు చెబుతారు. దేవతలిచ్చిన వరాలు పోతాయి. చీకటి, తాళంచెవుల లాంటి సంపాదన ఉంటుంది, దాంతో శాశ్వతంగా బలం పెంచుకోవచ్చు. కష్టమైతే గాడ్ మోడ్ పెట్టుకోండి. తగిలే దెబ్బ మొదట 20 శాతం తగ్గుతుంది, ఆపైన చచ్చిన ప్రతిసారీ ఇంకో 2 శాతం, 80 శాతం దాకా. ఓడినవాడికి ఓడిన కొద్దీ ఊతం ఇచ్చే ఈ ఏర్పాటు సెలెస్ట్ అసిస్ట్ మోడ్ కన్నా తెలివైనదని నా అభిప్రాయం, ఎందుకంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి మళ్లీ మళ్లీ మార్చుకునే పని ఉండదు. ఒక్కసారి బయటపడగానే గేమ్ అయిపోయిందనుకుని ఆపేయకండి. అసలు కథ ముగింపు చూడాలంటే పదిసార్లు బయటపడాలి. తొందర ఉన్నవాళ్లకు అది సాగదీతలా అనిపించవచ్చు.

డెడ్ సెల్స్ ఇంత మెత్తన కాదు. శత్రువుల నుంచి ఏరుకున్న సెల్స్‌ని అంచె చివర జమ చేసేలోపు చస్తే అన్నీ పోతాయి. చేతికి తగిలే దెబ్బల జోరు మాత్రం దీనిదే పైచేయి. దీన్ని మొదలుపెట్టిన ఫ్రాన్స్‌లోని మోషన్ ట్విన్, పనిచేసే అందరికీ సమాన జీతం ఇచ్చే సహకార సంఘం.

వాంపైర్ సర్వైవర్స్ ఒంటిచేత్తో ఆడే గేమ్. ఆయుధాలు వాటంతటవే కొడతాయి, మీరు కదలడమే. ఫోన్‌లో ఉచితం, ప్రకటనలు చూడాలా వద్దా అన్నది మీ ఇష్టం. అరగంట నిలబడితే గెలుపు. నిలబడలేకపోవడానికి ఒకటే కారణం, దొరికిన ఆయుధమల్లా తీసుకుని దేన్నీ ఎనిమిదో మెట్టుకు చేర్చకపోవడం. మొదటి పాత్ర ఆంటోనియోతో కొరడాను ఎనిమిదికి తీసుకెళ్లి, హాలో హార్ట్ అనే వస్తువు ఒక్క మెట్టయినా తీసుకుని, పది నిమిషాల తర్వాత పెద్ద శత్రువు వదిలిన పెట్టె తెరవండి. కొరడా రూపం మారి, కొట్టిన కొద్దీ ప్రాణం కూడా నింపుతుంది. అక్కడి నుంచి ఆట తేలికవుతుంది.

స్టార్‌డ్యూ వ్యాలీ

ఏమీ తీసుకోని గేమ్ కావాలంటే ఇదే, కానీ ఒక షరతు. ఇది ప్రాణం తీయదు, టైమ్ తీస్తుంది. ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగున్నరేళ్లు కూర్చుని బొమ్మలు, సంగీతం, కోడ్, కథ అన్నీ చేసి 2016 ఫిబ్రవరిలో విడుదల చేశారు. ఆ తర్వాత 2024లో వచ్చిన 1.6 దాకా చేర్చినవన్నీ ఉచితమే. పంట పొలం, చేపలు, గని, ఊరివాళ్లతో స్నేహాలు. గేమ్‌లో ఒక రోజు సుమారు 14 నిమిషాలు, ఒక రుతువు 28 రోజులు. కంప్యూటర్‌లో రాత్రి పడుకుంటేనే సేవ్ అవుతుంది. మధ్యలో ఆపేస్తే ఆ రోజంతా మళ్లీ ఆడాలి.

మొదటి వసంతంలో చేతిలో 500 బంగారం, 15 పార్స్‌నిప్ విత్తనాలు ఉంటాయి. అవి నాలుగు రోజుల్లో చేతికొస్తాయి. 13వ తేదీన గుడ్ల పండగ, స్ట్రాబెర్రీ విత్తనాలు ఆ రోజే అమ్ముతారు, ఒక్కోటి 100. అప్పటికి వెయ్యి అట్టిపెట్టుకుంటే పది మొక్కలు. ఎనిమిది రోజులకు తొలి కాపు, ఆపైన నాలుగు రోజులకోసారి. 16లోపు నాటి రోజూ నీళ్లు పోస్తే రుతువు ముగిసేలోపు రెండు కోతలు, ఒక్కో పండు మామూలు రకమైనా 120. అంటే పెట్టిన వందకు 240. అదే ఆశతో 12 రోజులు పట్టే కాలీఫ్లవర్‌ని 16 తర్వాత నాటితే పండదు, వేసవి మొదటి రోజు పొద్దున్నే ఎండిపోయి కనిపిస్తుంది. మడి వేసేటప్పుడు ఒంట్లో శక్తి కూడా లెక్కేసుకోండి. మొదట 270 ఉంటుంది, ప్రతి కుండ నీళ్లకూ, ప్రతి గొడ్డలి దెబ్బకూ తరుగుతుంది. స్ప్రింక్లర్లు వచ్చేదాకా నలభై మొక్కల కన్నా ఎక్కువ పెట్టుకుంటే పొద్దున్నే నీరసపడి గనికి వెళ్లలేరు.

ఇద్దరు కలిసి ఆడాలనుకునే దంపతులకు, అన్నాచెల్లెళ్లకు ఈ జాబితాలో నేను మొదట చెప్పేది ఇదే. ఒకే తెరను రెండుగా చేసుకుని ఆడొచ్చు. ఫోన్‌లో పొలం పని హాయిగా సాగుతుంది, గనిలో పోరాటం మాత్రం వేళ్లకు ఇబ్బందే.

ఒక్కసారే ఆడగలిగేవి

లూకస్ పోప్ ఒంటరిగా చేసిన రెండు గేమ్‌లు, పేపర్స్, ప్లీజ్ (2013), రిటర్న్ ఆఫ్ ద ఓబ్రా డిన్ (2018). మొదటిదాంట్లో మీరు సరిహద్దులో పాస్‌పోర్టులు చూసే గుమాస్తా. ఒక్కో మనిషికి 5 క్రెడిట్లు. రోజుకు రెండు తప్పులకు హెచ్చరిక, మూడో తప్పు నుంచి జీతంలో కోత. సాయంత్రం అద్దె పోగా, తిండి, వెచ్చదనం, వీటిలో దేన్ని వదులుకోవాలో మీరే తేల్చుకోవాలి. రెండోదాంట్లో ఓడ మీద 60 మంది ఎవరు, ఎలా పోయారు అన్నది తేల్చాలి. మీ జవాబు సరైనదేనని గేమ్ ముగ్గురేసి చొప్పున మాత్రమే ఒప్పుకుంటుంది కాబట్టి గుడ్డిగా ఊహించి నెగ్గలేరు. చెప్పుల తీరు, ఊయల మంచం నంబరు, మాట యాస, ఇవే ఆధారాలు. జవాబు తెలిశాక మళ్లీ ఆడటంలో అర్థం లేదు. అయినా నేను ఓబ్రా డిన్‌కే ఓటు వేస్తాను, ఆలోచించినందుకు ఇంత గౌరవం ఇచ్చే గేమ్ అరుదు.

వెన్బా (2023) టొరంటోలోని విసాయ్ గేమ్స్ చేసింది. 1980ల్లో కెనడాకు వెళ్లిన తమిళ కుటుంబం కథ. అమ్మ వంటల పుస్తకంలో చెరిగిపోయిన అక్షరాలను బట్టి ఇడ్లీ ప్లేట్లు ఎలా పేర్చాలో, ఏది ముందు వేయాలో మీరే తేల్చుకోవాలి. తప్పు చేస్తే మళ్లీ చేయొచ్చు, పోయేదేమీ లేదు. అమెరికాలో, కెనడాలో పిల్లలను పెంచుతున్న తెలుగువాళ్లకు ఇందులో కొడుకు తమిళం మాట్లాడటానికి సిగ్గుపడే ఘట్టం గట్టిగా తగులుతుంది. గంటన్నరలో అయిపోతుంది. గంటకు ఎంత పడిందని లెక్క చూసేవాళ్లు డిస్కౌంట్ వచ్చేదాకా ఆగండి.

కొనేటప్పుడు

కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ అంగడి స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపు ఉంటే డబ్బు వెనక్కిస్తారు. సెలెస్ట్, బలాట్రో, వాంపైర్ సర్వైవర్స్ మీకు పడతాయో లేదో ఆ రెండు గంటల్లో తేలిపోతుంది. హాలో నైట్, స్టార్‌డ్యూ తేలవు, వాటిని కొనే ముందు ఎవరైనా ఆడుతున్న వీడియో ఒక అరగంట చూడండి, ముఖ్యాంశాలు కత్తిరించింది కాకుండా మామూలుగా ఆడింది. హాలో నైట్‌కు కనీసం 4 జీబీ ర్యామ్, 9 జీబీ చోటు కావాలి. స్టార్‌డ్యూకు 2 జీబీ ర్యామ్ చాలు, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది.

డిస్కౌంట్ కోసం ఆగడం అన్ని గేమ్‌లకూ పనిచేయదు. ఫ్యాక్టరీలు కట్టే గేమ్ ఫ్యాక్టోరియోను చేసిన ప్రాగ్‌లోని వూబే సంస్థ తమ గేమ్‌ని ఎప్పుడూ తగ్గించి అమ్మదు. 2023 జనవరిలో 30 డాలర్ల నుంచి 35కి పెంచింది కూడా. దీన్ని పొగరు అనేవాళ్లున్నారు, నాకు నిజాయితీ అనిపిస్తుంది. నిన్న పూర్తి ధర పెట్టి కొన్నవాడు ఇవాళ మోసపోయానని అనుకోడు. పైగా ఉచిత డెమో ఉంది, అది పూర్తిచేసి ఇంకా ఆడాలనిపిస్తేనే కొనండి. అనిపించకపోతే మిగతా గేమ్ కూడా నచ్చదు, అది డెమోలో ఉన్నదానికే పొడిగింపు.

ఎర్లీ యాక్సెస్ గేమ్‌ని రాబోయేవాటి మాట నమ్మి కొనకండి. ఇవాళ అందులో ఏముందో దానికి ఆ ధర సరిపోతుందనుకుంటేనే తీసుకోండి. స్టోర్ పేజీలో చివరి అప్‌డేట్ తేదీ చూడండి, అంతకు ముందువి ఎంతెంత ఎడంతో వచ్చాయో చూడండి. తర్వాత రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, వంద గంటలు ఆడినవాళ్లు ఏమంటున్నారో చదవండి. హేడీస్, స్లే ద స్పైర్ రెండూ ఈ దారిలోనే వచ్చి, ఏడాదికి పైగా ఆడేవాళ్ల మాట విని మెరుగుపడినవే. ఆరు నెలలుగా అప్‌డేట్ లేకపోయినా, ఎందుకు ఆలస్యమవుతోందో డెవలపర్ వివరంగా రాసి ఉంటే కాస్త ఆగి చూడొచ్చు. అప్‌డేట్ లేదు, మాటా లేదు అంటే విష్‌లిస్ట్‌లో పెట్టి ఊరుకోండి, పూర్తయి 1.0 వచ్చిన రోజు స్టీమే మెయిల్ పంపుతుంది.